మా అమ్మని మీనాతో పంచుకున్న రోజులు

రాయ్‌పూర్‌లో నా చిన్నప్పుడు... సాయంత్రం నాలుగయ్యేసరికి మా అమ్మ నాకు కాకుండా పోయేది.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. గుఢియారీ దగ్గర రైల్వే క్వార్టర్లు మావి. నాన్న వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టర్. కాలనీలో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే. ఆ ఇళ్ళ ఆడవాళ్ళంతా కలిసి ఒక మహిళా సంఘం పెట్టుకున్నారు. గుడి వెనక రెండు గదులు... బస్తీ పిల్లలకి అక్కడ పాలు, ఉప్మా, చదువు. ఎవరింట్లో జబ్బు చేసినా వంతులవారీగా కేరేజీలు వెళ్ళేవి.

అమ్మ అక్కడ పిల్లలకి అక్షరాలు దిద్దించేది. ఓపిగ్గా తలలు దువ్వి జడలు వేసేది. నన్ను మాత్రం "నువ్వే దువ్వుకోయే, పెద్దదానివయ్యావు కదా" అనేది.

ఎనిమిదేళ్ళకే పెద్దదాన్నయిపోయాను...

ఆ పిల్లల్లో మీనా అని నా ఈడుదే ఒకతి ఉండేది. తండ్రి లేడు. తల్లి ఫూల్‌బాయి బియ్యం మిల్లులో పనిచేసేది. ఒక వానాకాలం ఫూల్‌బాయికి టీబీ అని తేలింది. ఆస్పత్రిలో చేర్చారు. మరి పిల్ల సంగతేమిటని సంఘంలో మాట వచ్చింది.

"హాస్టల్లో వేసేద్దామమ్మా, తిండికి లోటుండదు" అన్నారు సంఘం పెద్ద సీతామాలక్ష్మి మామ్మగారు.

అమ్మ ఒప్పుకోలేదు. "తల్లి ఊళ్ళోనే ఉంది కదా మామ్మగారూ. తగ్గేదాకా మా ఇంట్లో ఉంటాది లెండి."

నన్ను ఎవరూ అడగలేదు.

మొదటి రోజు పొద్దున్నే అమ్మ ఇద్దరికీ చద్దన్నం పెట్టింది. "అరే, ఏ తో బాసీ హై" అంది మీనా. వాళ్ళింట్లోనూ అదే తింటారట. అమ్మ మురిసిపోయి ఇంకో ముద్ద వేసింది. నేను పుట్టినప్పట్నుంచీ అదే చద్దన్నం తింటున్నాను... ఎవరూ మురిసిపోలేదు.

పండరీ బట్టల బజారు నుంచి ఒకటే గుడ్డ తెచ్చి ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లు కుట్టింది. అవి వేసుకుని బజారుకి వెళితే కూరలమ్మే ఆవిడ "జుడ్వా హై క్యా?" అని అడిగింది. కవలలా అని. అమ్మ నవ్వింది. కాదని చెప్పలేదు. దారంతా నేను నాలుగడుగులు వెనకే నడిచాను...

బొంత మీద అమ్మకి ఒక పక్క నేను, ఒక పక్క అది. అమ్మ ఎటు తిరిగి పడుకుంటుందా అని చూసేదాన్ని.

కొన్నాళ్ళకి మీనాకి తెలుగు వచ్చేసింది. మా అమ్మని "అమ్మా" అనడం మొదలుపెట్టింది.

"ఆవిడ మా అమ్మ. నువ్వు ఆంటీ అను" అన్నాను.

"అచ్ఛా" అంది. మర్నాడు మళ్ళీ అమ్మా అనే పిలిచింది.

చలికాలం వెళ్ళేసరికి ఫూల్‌బాయికి బాగా నయమైంది. ఇక పిల్లని దగ్గరికి తీసుకురావచ్చని డాక్టరు చెప్పాడట. ఆ ఆదివారం అమ్మ మా ఇద్దరినీ తీసుకుని ఆస్పత్రికి వెళ్ళింది. ఫూల్‌బాయి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. సగమైపోయింది మనిషి. మీనాని చూసి రెండు చేతులూ చాపింది.

"ఆ నోనీ, ఆ..."

వాళ్ళ భాషలో నోనీ అంటే చిట్టితల్లి అన్నట్టు. మీనా వెళ్ళలేదు. మా అమ్మ చీర వెనక దాక్కుని "అమ్మా, ఇంటికి పోదాం" అంది... తెలుగులో.

ఫూల్‌బాయికి తెలుగు రాదు. అమ్మా అన్నది మాత్రం అర్థమైంది. చేతులు మెల్లగా ఒళ్ళో పెట్టుకుని మా అమ్మ వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్ని నెలలూ నేను మీనాని చూసిన చూపే అది. పెద్దవాళ్ళు కూడా నాలాగే కుళ్ళుకుంటారని ఆ రోజే తెలిసింది...

"దీదీ, మేరీ బచ్చీ ఆప్‌కీ హో గయీ" అంది ఫూల్‌బాయి. నా పిల్ల మీదైపోయిందని.

ముగ్గురం రిక్షాలో ఇంటికి వచ్చేశాం.

మర్నాడు సంఘంలో అమ్మ మామ్మగారితో అంది. "తిండి పెట్టాం, బట్ట పెట్టాం. తల్లిని మాత్రం దూరం చేసేశాం మామ్మగారూ. ఇద్దరినీ ఒకచోట ఉంచే దారి చూడాలి."

మామ్మగారు వెంటనే రెండో గది ఖాళీ చేయించారు. ఎవరో పాత కుట్టుమిషను ఇచ్చారు. మిల్లు దుమ్ములోకి మళ్ళీ వెళ్ళొద్దని ఫూల్‌బాయికి కుట్టుపని నేర్పారు. కాలనీ జాకెట్లన్నీ ఆమెకే ఇచ్చేవాళ్ళు. తల్లీకూతుళ్ళు ఆ గదిలోనే ఉండేవారు.

మొదట్లో మీనా బళ్ళో ఏం జరిగినా మా ఇంటికే పరిగెత్తుకొచ్చేది. అమ్మ గుమ్మంలోనే ఆపేది. "ముందు మీ అమ్మకి చెప్పి రా, పో."

నాకు లోపల పండగే. కానీ దాన్ని పంపేశాక అమ్మ వంటింట్లో సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతూ ఉండేది. దానికీ కుళ్ళుకున్నాను... నా కోసం ఎప్పుడైనా అలా సర్దిందా అని.

రానురాను మీనా రావడం తగ్గింది. ఒకసారి నేనే ఆడుకుందామని పిలవడానికి వెళ్ళాను. ఫూల్‌బాయి మిషను తొక్కుతోంది. మీనా ఆమె భుజం మీద గడ్డం ఆనించి ఏదో చెప్తోంది, ఇద్దరూ నవ్వుకుంటున్నారు. పిలవకుండానే వచ్చేశాను.

ఇప్పుడు మీనా రాయ్‌పూర్ పక్కనే మందిర్ హసౌద్‌లో ఉంటోంది. ఫూల్‌బాయి కూడా దాని దగ్గరే. పండగలకి ఫోన్ చేసి మా అమ్మని "అమ్మా" అనే పిలుస్తుంది. ఇప్పటికీ నాకు చురుక్కుమంటుంది...

సంఘం గదులకి తాళం పడి చాలా ఏళ్ళయింది. సాయం నేనూ చేస్తున్నాను. ఫోన్లో ఒక నొక్కు నొక్కితే డబ్బు వెళ్ళిపోతుంది, థాంక్స్ అని మెసేజ్ వస్తుంది. ఎవరి పిల్లా మా గుమ్మం తొక్కదు. నేను మొత్తంగా మా పాపకే... కుళ్ళుకోవాల్సిన అవసరమే లేదు దానికి. ఎందుకో అదే పెద్ద లోటులా అనిపిస్తోంది.

మీ ఇంట్లోనూ అలా కొన్నాళ్ళుండి, మీకు ఒళ్ళు మండించి వెళ్ళినవాళ్ళు ఉన్నారా? ఉంటే కింద రాయండి... వాళ్ళిప్పుడు ఎలా ఉన్నారో కూడా.