మునగలేని గజ ఈతగాడు

వయసులో ఉన్నప్పుడు మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నా దృష్టిలో సముద్రమంటే ఒక పెద్ద వ్యవసాయ బావి, అంతే. కొడకండ్లలో మా బావి గట్టు మీది నుంచి దూకి, అడుగున వేసిన రూపాయి బిళ్లను పళ్ల మధ్య పట్టుకొని పైకి తేలేవాణ్ని. ఊళ్లో నన్ను గజ ఈతగాడనేవారు (ఎక్కువగా అన్నది నేనే). అంతటివాడికి ఓడలో ఉద్యోగం దొరికితే ఇక చెప్పేదేముంది. ఉద్యోగమంటే కెప్టెన్ పక్కన నిలబడేది కాదు. ప్రయాణికుల ఓడ అడుగు అంతస్తులో, కిటికీ కూడా లేని గదిలో, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఓడ నడిపిస్తున్నం అనేవాణ్ని.

పక్క ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవాడు కాకినాడ. అది అతని ఊరు, ఓడలో అతని పేరు కూడా అదే. నన్ను జనగామ అనేవాడు (కొడకండ్ల అంటే అదెక్కడో మళ్లీ చెప్పాలి, అందుకని జిల్లాతోనే సరిపెట్టుకున్నాను). మంచివాడే గానీ నేను నోరు తెరిస్తే చాలు నవ్వేవాడు. గిట్ల జరుగు అని నేనంటే ఆ ముక్కను రోజంతా సాగదీసి పాడేవాడు. సినిమాలు చూసి నేర్చుకున్న నవ్వు అది. పైకి నేనూ నవ్వేసేవాణ్ని గానీ లోపల మండేది. మా అవ్వ మాట్లాడే మాటల్లో అంత నవ్వొచ్చేదేముందో నాకు అర్థమయ్యేది కాదు.

గల్ఫ్‌లో ఒక చిన్న రేవు పట్టణంలో మా ఓడ ఒక పగలు ఆగింది. ఒకప్పుడు ఆ ఊరు ఊరంతా ముత్యాల మీదే బతికిందట. ఇప్పుడు ముత్యాలూ లేవు, ఆ వేటా లేదు. పాత పడవలకు రంగులేసి, లైట్లు పెట్టి, వాటిలో కాఫీ అమ్ముతున్నారు. రేవు చివర చెక్క మెట్ల దగ్గర మాత్రం, వచ్చినవాళ్లు సరదాకి నీళ్లలో మునిగి, అడుగున ముందే పరిచిపెట్టిన ఆల్చిప్పల్లో ఒకటి తెచ్చుకోవచ్చు. చూడగానే నాకు మా బావి గుర్తొచ్చింది. అక్కడికక్కడే పందెం కాశాను. నేను చిప్ప తెస్తే ఓడ ఉద్యోగం అయిపోయేదాకా కాకినాడ నా భాషే మాట్లాడాలి. తేలేకపోతే నేను అతని భాష మాట్లాడాలి.

"నాకైతే ఈత రాదు మరి. నువ్వు కానియ్యి, చూస్తాను," అన్నాడు కాకినాడ. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఈత రాదని వినగానే నా ధైర్యం రెట్టింపైంది.

అక్కడ చూసుకునే పెద్దాయన తాడు కట్టిన రాయి ఒకటి ఇవ్వబోయాడు. వెనకటి మనుషులు దాని మీద కాలు పెట్టే కిందికి దిగేవారని హిందీలో చెప్పాడు. నాకు రోషం వచ్చింది. రాయితో సహా నీళ్లలో దిగడమంటే మా దిక్కున పోలీసులొచ్చే వ్యవహారం. "గా రాయి కొత్తోళ్లకు. నాకెందుకు?" అని కాకినాడకు వినపడేటట్టు అని, దూకాను.

మా బావి గట్టు రెండు నిలువుల ఎత్తు. ఆ ఊపుకే సగం లోతు పోయేవాణ్ని. ఇక్కడి మెట్టు నీళ్లకు జానెడు ఎత్తు కూడా లేదు. పైగా ఆ నీళ్లలో ఎంత ఉప్పుందో గానీ, తల లోపలికి పెడితే కాళ్లు పైకొచ్చాయి, కాళ్లు కిందికి తోస్తే నడుము పైకొచ్చింది. ఎంత గింజుకున్నా సముద్రం నన్ను కొత్త అల్లుడిలా పైనే కూర్చోబెట్టింది. ఈత రానివాళ్లకు మునిగిపోతామని భయం. గజ ఈతగాణ్ని, నాకు మునగలేక ఏడుపొక్కటే తక్కువైంది. ఇంతలో ఒక పెద్దావిడ, ఎవరో విదేశీయురాలు, రాయి మీద నిలబడి తాపీగా దిగి, చిప్ప తెచ్చుకొని వెళ్లిపోయింది. నేను అలసిపోయి నీళ్ల మీదే వెల్లకిలా పడుకున్నాను. కాకినాడ నా ఫోన్‌తోనే వీడియో తీసి, మా ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాడు.

సాయంత్రం అవ్వకు ఫోన్ చేశాను. పక్కనే కాకినాడ కాపలా. "బాగున్నారాండీ? అన్నం తిన్నారాండీ?" అన్నాను (అమ్మమ్మల్ని తమ ఊళ్లోనూ అలా పిలవరని కాకినాడ తరువాత చెప్పాడు). అవతల అవ్వ మా అక్కతో అంటున్నది వినిపించింది. "ఎవలో ఆఫీసరు లెక్క మాట్లాడుతుండు. మన పోరనికి ఏమన్న అయ్యిందో ఏందో, జర అడుగు బిడ్డా." పందెం సంగతి మరిచి, నేనే అవ్వా అని అరిచాను. కాకినాడ మొహంలో నవ్వు పోయింది. ఇంటికి చేసేటప్పుడు మాత్రం మీ భాషే మాట్లాడుకో అన్నాడు మెల్లగా. ఆ తరువాత నా మాటకు అతను నవ్వగా నేను చూడలేదు. అవ్వ మాత్రం ఆ వీడియో ఊరంతా చూపించి, మా మనుమడు సముద్రం మీద మంచమేసుకున్నట్టు పండుకున్నడని మురిసిపోయింది. ఆమెకు అందులో ఓటమి ఎక్కడా కనిపించలేదు.

ఓడలు మానేసి జనగామలో ఇస్త్రీ దుకాణం పెట్టి చాలాకాలమైంది. మొన్న కాకినాడ వచ్చి, ఆ బావి ఏదో చూస్తానన్నాడు. కొడకండ్ల తీసుకుపోయి, రూపాయి బిళ్ల లోపలికి విసిరి, గట్టెక్కి దూకాను. సగం దూరం పోయానో లేదో, ఇన్నేళ్లుగా పెంచుకున్న పొట్ట నన్ను జాగ్రత్తగా పైకి తెచ్చేసింది. రెండోసారీ అంతే.

గట్టు మీది నుంచి కాకినాడ తొంగిచూశాడు. "ఏంది జనగామా, మీ బాయిల గూడ ఉప్పే ఉన్నదా?" అన్నాడు, అచ్చంగా మా అవ్వ మాట్లాడినట్టే.

నేను మెట్టు పట్టుకొని ఆయాసం తీర్చుకున్నాను.

"అవునండీ. ఈమధ్య కొంచెం ఎక్కువైందండీ."