కొలనులో సన్నికల్లు

మా బావగారికి సింగపూర్‌లో రెండే పిచ్చులు. ఒకటి మా అక్క, రెండోది పెరట్లో సిమెంటుతో కట్టించుకున్న చేపల కొలను. అందులో తోక మీద నెమలికన్ను లాంటి మచ్చతో పీకాక్ బాస్ జంట ఒకటుండేది. అవి గుడ్లు పెడితే చూడాలని ఆయన తపన. "ఈ నెలలో చేపపిల్లలు కనిపించకపోతే ఈ కొలను పూడ్పించేస్తాను, బట్టలారేసుకోడానికి చోటైనా దొరుకుతుంది" అని అక్క తేల్చేసింది. అక్క అన్నదంటే అన్నట్టే.

ఆ ఆదివారం ఆంగ్ మో కియో స్టేషన్‌లో రైలెక్కి నేను వెళ్లేసరికి, బావ మోకాలి లోతు నీళ్లలో గులకరాళ్లు పరుస్తున్నారు. బాస్ చేపలు గులకరాళ్ల మీదే గుడ్లు పెడతాయని ఏదో వీడియోలో చూశారట. ఇవేమో అటు తొంగి కూడా చూడకుండా, ఓ మూల గోడను నోటితో తోముతున్నాయి.

"బావా, మీరు చూసింది వేరే దేశపు బాస్! గోడ ఎలా తోముతున్నాయో చూడండి. వీటికి కావాల్సింది చదునైన గట్టి రాయి" అన్నాను. నాకు హుషారు ఆగడం లేదు.

చదునైన రాయి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, అమ్మ ఇచ్చిన సన్నికల్లు. అక్క ఆదివారం ఆదివారం దాని మీదే పచ్చడి నూరుతుంది. మిక్సీలో వేస్తే అది పచ్చడి కాదు, బురద అంటుంది. ఆ పూట నూరడం అయిపోయింది, అక్క మార్కెట్‌కి వెళ్లింది.

"మీ అక్క నన్నే నూరేస్తుందమ్మా!" అన్నారు బావ.

"ముందు మిమ్మల్ని, తర్వాత నన్ను. పట్టండి!" ఇద్దరం కలిసి రాయిని కొలనులోకి దించేశాం.

ఆ వారం తిరక్కుండానే, శనివారం నేను రైల్లో ఉండగా బావ ఫోన్ చేశారు. "పెట్టేశాయి!" నేను వేసిన కేకకి పెట్టెలో అందరూ తిరిగి చూశారు. చూస్తే చూడనీ!

మర్నాడు పొద్దున్నే పరిగెత్తాను. అప్పటికే అక్క చేతిలో నూరుడు పొత్రంతో కొలను గట్టు మీద నిలబడి ఉంది. "నా రాయి!" అంటూ వంగి నీళ్లలో చెయ్యి పెట్టింది. ఆడచేప దూసుకొచ్చి ఆ చేతిని ఒక్క పోటు పొడిచింది. గాజులు గలగలమన్నాయి. రాయి మీద గుడ్లు ఆవాలు అంటించినట్టున్నాయి, మగచేప రెక్కలతో వాటికి విసురుతోంది.

అక్క చెయ్యి తీసేసి, ఆ గుడ్ల వంకే చూసింది. పొత్రం పట్టుకుని లోపలికెళ్లింది.

కాసేపటికి వంటింట్లో మిక్సీ చప్పుడు. నేనూ బావా మొహామొహాలు చూసుకున్నాం.

"బట్టలు మేడ మీద ఆరేసుకుంటాలే. రండి, గోంగూర బురద చేశాను!" అని కేకేసింది అక్క.