ఎర్రగా వచ్చిన పెళ్లి ఫొటోలు

సాయంత్రం పూట చెవి పక్కన దోమ సన్నగా కీమంటే మా మనవరాలు చప్పట్లు చరిచి చంపబోతుంది. నేను మాత్రం ఒక్క క్షణం కదలను. కెమెరా ఫ్లాష్ లైటు కరెంటు నింపుకునేటప్పుడు అచ్చం ఇలాగే కూసేది. ఆ కూత సన్నబడి, దాని వీపు మీద చిన్న ఎర్రదీపం వెలగ్గానే "ఊఁ, పట్టు మరియమ్మా" అనేవారు దేవదానం గారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. అందుకని నేను చెబుతున్నాను, మనవరాలు రాస్తోంది.

ఎనభైల్లో చిలకలూరిపేట బజారులో ఆయనకు ఒక ఫొటో స్టూడియో ఉండేది. మా ఆయన పత్తి మిల్లులో బేళ్లు మోసేవాడు. జ్వరం వచ్చి, మూడో వారం దాటకుండానే పోయాడు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, చంకలో ఆడపిల్ల. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. పొద్దుగూకేసరికి చేతులు మండిపోయేవి, పిల్లను ఎత్తుకుంటే దాని ఒళ్లూ మండి ఏడ్చేది. స్టూడియోకి వచ్చే ఆడవాళ్లకు పైట సర్దడానికి, గడ్డం పట్టి మొహం తిప్పడానికి ఒక ఆడమనిషి కావాలని దేవదానం గారు చర్చిలో అంటే మర్నాడే వెళ్లి నిలబడ్డాను. ఆయన నా మొహం చూడలేదు, చేతులు చూశారు. "వణకవు కదా?" అన్నారు. "ఆకలేస్తే వణుకుతాయండీ" అన్నాను. నవ్వి, ముందు టీ తెప్పించారు.

పైట సర్దడంతో మొదలుపెట్టి లైటు పట్టడం దాకా వచ్చాను. ఆయన నేర్పే తీరే వేరు. బల్ల మీద ఒక కోడిగుడ్డు పెట్టి, గది చీకటి చేసి, లైటు అటూ ఇటూ తిప్పమనేవారు. "ఎదురుగా పడితే చూడు, అప్పడంలా ఉంది. పక్కనుంచి పైకెత్తి పట్టు. ఇప్పుడు గుడ్డయింది. మనిషి మొహమూ అంతే" అనేవారు. ఫొటో అనగానే మా వాళ్లు పౌడరు దిబ్బలుగా పూసుకొచ్చేవారు. ఫ్లాషు వేస్తే సున్నం కొట్టిన గోడల్లా వచ్చేవాళ్లు. "నల్లటి మొహం ఎంత బాగుంటుందో వీళ్లకు ఎవరూ చూపించలేదమ్మా" అని ఆయనే తడిగుడ్డ నా చేతికిచ్చి తుడవమనేవారు. ఫ్లాషును సున్నం వేసిన కప్పుకేసి తిప్పితే వెలుగు మెత్తగా కిందికి దిగి వస్తుందని కూడా ఆ గదిలోనే నేర్చుకున్నాను. దాన్నే పెళ్లిలో వాడి కొంప ముంచాను.

అది పక్క పల్లెలో, పత్తి రైతుల ఇంట్లో పెళ్లి. పెళ్లికూతురు పేరు వరలక్ష్మి. కలర్ ఫొటోలు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. దేవదానం గారు కెమెరాకు కన్ను ఆనించి ఉన్నారు, నేను ఆయన భుజం వెనక ఫ్లాషు పట్టుకుని ఉన్నాను. తలంబ్రాల వేళయింది. ఆ పిల్ల పసుపు మొహంతో తలెత్తి ఇటే చూసింది. మొగుడు పోయినప్పటి నుంచి ఎవరైనా గడప దాటుతుంటే తలుపు వెనక్కి తప్పుకునేదాన్ని. ప్రార్థన చేసుకునే మా ఇళ్లలోనూ ఆ పట్టింపు పోలేదు. అలాంటిది నా చేతి వెలుగు ఆ పిల్ల మొహాన సూటిగా పడితే ఏమవుతుందోనని భయపడి, ఫ్లాషును పైకి తిప్పేసి, తలంబ్రాలు అయ్యేదాకా అలాగే పట్టాను. పైన ఉన్నది సున్నం కప్పు కాదు, ఎర్రగుడ్డ కట్టిన పందిరి.

ఫొటోలు కడిగించడానికి విజయవాడ పంపేవాళ్లం. అవి రాగానే పెళ్లికూతురి నాన్న స్టూడియో మెట్ల మీదే కేకలు మొదలుపెట్టాడు. "ఏమయ్యా, మా అల్లుడు పెళ్లిపీటల మీద కూర్చున్నాడా, మిరపకల్లంలో పడ్డాడా? చూడు, ఎవరు ఎవరో తెలిసి చస్తే కదా!" నిజమే. తలంబ్రాల ఫొటోలన్నీ చీకటిగా, ఎర్రగా ఉన్నాయి. నా పని అయిపోయింది, మళ్లీ మిరప తొడిమలే అనుకున్నాను. దేవదానం గారు ఫొటోలు ఒక్కొక్కటీ చూసి, "తప్పు నాదండీ. లైటు ఎటు పట్టాలో నేను చెప్పాల్సింది. పదహారు రోజుల పండక్కి పిల్లలిద్దరూ వస్తారుగా, ఆ పట్టుబట్టలే కట్టించండి. మళ్లీ తీస్తాను" అన్నారు.

పెళ్లికూతురి నాన్న వెళ్లిపోయాక దేవదానం గారు నన్ను పిలిచారు. "ఎందుకు తిప్పావు?" అని అడిగారు. ఏడుస్తూ చెప్పాను. "రోజూ పొద్దున్నే వచ్చి ఈ స్టూడియో తలుపులు తీసేది నువ్వు. నీ మొహం చూశాకే నా బేరం మొదలు. నేనేమైనా చెడిపోయానా? పండక్కి నువ్వే వస్తావు, నువ్వే పడతావు. ఈసారి సూటిగా" అన్నారు.

పండగనాడు వరండాలో పీటలు వేశారు. నేను ఫ్లాషు తీసుకుని ముందుకు రాగానే పెళ్లికొడుకు మేనత్త లేచింది. "ఆ మొగుడు పోయినదాన్ని కొత్తజంట ఎదురుగా నిలబెడతారటయ్యా? మగాళ్లెవరూ దొరకలేదా?" అంది. నా కాళ్లు వెనక్కి పోతున్నాయి. దేవదానం గారు అరవలేదు. కెమెరా తీసి సంచిలో పెట్టి తాడు బిగించారు. "లైటు పట్టడం ఆవిడకు తెలుసు. మీకు ఆవిడ వద్దంటే నేనూ వద్దు, అమ్మా" అన్నారు. అప్పుడు పీట మీద నుంచి వరలక్ష్మే అంది. "ఉండండి అత్తయ్యా. ఇదిగో పిన్నీ, నా మొహం మీదే వెయ్యి. మళ్లీ ఎర్రగా వస్తే, అత్తయ్యా, మీ అబ్బాయి నన్ను వదిలేసేలా ఉన్నాడు." పెళ్లికొడుకు కిసుక్కున నవ్వాడు. దాంతో అందరూ నవ్వారు, మేనత్త తప్ప.

ఫ్లాషు సన్నగా కూసింది. ఎర్రదీపం వెలిగింది. పక్కకు జరిగి, చెయ్యి పైకెత్తి, ఆ పిల్ల కళ్లలోకే చూస్తూ పట్టాను. వెలుగు పడింది. ఆమె రెప్ప వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు.

ఆ ఫొటో బాగా వచ్చింది. ఏడాది తిరిగాక వరలక్ష్మి మూడు నెలల బిడ్డను ఎత్తుకుని స్టూడియో మెట్లెక్కింది. "పిన్ని లేదా? పిన్ని పడితేనే తీయించుకుంటాను" అని గుమ్మంలోంచే అంది. దేవదానం గారు నా వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆయన చేయి సాగినన్నాళ్లూ నేనే లైటు పట్టాను.

రేపు మా మనవరాలికి పరీక్ష ఉంది. ఇది రాస్తూనే, "అమ్మమ్మా, రేపు నువ్వు ఎదురొస్తావు కదా?" అని అడుగుతోంది. బడికి వెళ్లిన మొదటి రోజు నుంచీ దానికి ఎదురొచ్చేది నేనే. పొద్దున్నే మొహం కడుక్కుని, వీధి మలుపు దాకా వెళ్లి, అది గడప దాటేసరికి ఎదురు నడిచి వస్తాను. తల వంచను.