కింద తిట్లు వద్దన్న సర్దార్

మొన్న మంగళవారం పొద్దున రఘునాథపల్లిలో మా పత్తి చేనుకు మందు కొడుతుంటే ఫోన్ వచ్చింది. మా సర్దార్ పోయాడని ఆయన చిన్న కొడుకు చెప్పాడు. నిద్రలోనే పోయాడట. బొగ్గు గనిలో బతుకంతా బండ కింద తిరిగిన మనిషి మంచం మీద కన్నుమూశాడంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. మాలో అంత సుఖమైన చావు ఎంతమందికి రాసిపెట్టి ఉంటుంది? పంపు దించి గట్టు మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

సర్దార్ అంటే తెలియని వాళ్లకు చెప్పాలి. గనిలో ఒక జట్టు కార్మికులకు ఆయన పెద్ద. అందరికంటే ముందు లోపలికి పోయి, చేతికర్రతో పైకప్పు బండను తట్టి, ఆ చప్పుడును బట్టి అది గట్టిగా ఉందో పగులు పట్టిందో తేల్చి, అప్పుడు మమ్మల్ని రమ్మనాలి. ఆయన చెవి మీద మా జట్టు ప్రాణాలన్నీ ఆధారపడి ఉండేవి.

ఆయనకు ముందు భూపాలపల్లిలో మా జట్టుకు ఇంకో సర్దార్ ఉండేవాడు. అతని కర్ర బండల మీదకన్నా మా వీపుల మీదే ఎక్కువ పడేది. అమ్మనూ అక్కనూ తిట్టకుండా ఒక్క టబ్బు బొగ్గు నింపించలేదు. ఒకసారి నా నడుముకున్న దీపం బెల్టు ఊడదీసి దానితోనే నన్ను బాదాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? పైవాడి మీద చూపలేని కోపం కిందవాడి మీద చూపేవాణ్ణి. గంగారం అడవి వైపు తండా నుంచి వచ్చిన లచ్చిరాం మాతోపాటే బొగ్గు నింపేవాడు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఆయనకొక పేరుందని నేనెప్పుడూ పట్టించుకోలేదు. "ఏయ్ తండోడా" అనేవాణ్ణి.

మా సర్దార్ వచ్చిన మొదటి రోజే ఆ మాట విన్నాడు. తట్టలు కింద పెట్టించి అందరినీ కూర్చోబెట్టాడు.

"ఏమన్నవ్?" అని నన్ను అడిగాడు.

"ఏమన్లే. ఊకె పిలిచిన."

"పేరేంది ఆయనది?"

నేను తట్ట ఎత్తుకోబోతే ఆయనే చెప్పాడు.

"లచ్చిరాం. నీకన్న పెద్దోడు. అన్నా అని పిలువు. గిది నీతి కోసం చెప్తలే. తిట్టినోడు, తిట్లు పడ్డోడు, ఇద్దరూ బండ చప్పుడు ఇనరు. కింద తిట్లు వద్దు."

అంతే చెప్పాడు. మళ్లీ తట్టలు ఎత్తుకున్నాం. నాకు మాత్రం పదిమందిలో తల కొట్టేసినట్టయింది. కొన్నాళ్లు ఆయనంటే ఒళ్లు మండేది.

గనిలోకి దిగే ముందు ఆయన ఒక్కొక్కరి ముఖం చూసేవాడు. "ఇంట్ల లొల్లి అయిందా?" అని అడిగేవాడు. అయిందంటే ఆ రోజు ఆ మనిషిని బండ కిందికి పంపకుండా వెనక పని ఇచ్చేవాడు. నీళ్ల డబ్బా ముందు కొత్తవాడికి పోవాలి, అందరి చేతులూ తిరిగాక చివర ఆయన తాగేవాడు. ఒకసారి పైఅధికారి ఒకాయన కిందికి వచ్చి, పని ఆలస్యమైందని మా వాడొకణ్ణి చెంప మీద కొట్టాడు. సర్దార్ కర్ర గోడకు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఆయనతోపాటు మేమూ కూర్చున్నాం.

"సార్, మీ చెయ్యి లేస్తే మావోళ్ల చెవులు మూసుకుంటయ్. గసుంటోళ్లను నేను బండ కిందికి పంప. మీరే పంపుకోండ్రి."

ఆ అధికారి అరిచాడు, సస్పెండ్ చేస్తానన్నాడు. ఎవరూ లేవలేదు. చివరికి దెబ్బ తిన్నవాడి దగ్గరికి పోయి, "తప్పయింది, పని చేయి" అని గొణిగాడు. నేను మొదటిసారి సర్దార్ వైపు గౌరవంగా చూసింది ఆ రోజే.

తర్వాత వానాకాలంలో ఒక రోజు అందరం చప్పుడు లేకుండా పని చేసుకుంటున్నాం. లచ్చిరాం ఉన్నట్టుండి చెయ్యి ఎత్తాడు. మాకెవరికీ ఏమీ వినపడలేదు. ఆయన చెవి అటువంటిది, బండ సంగతి సర్దార్ కూడా ఆయన్నే అడిగేవాడు. "ఉరుకుండ్రి" అని సర్దార్ అరవడం, మేము పరుగెత్తడం, మేము నిలబడిన చోట బండ కూలడం అన్నీ ఒక్క క్షణంలో అయిపోయాయి. ఒకడి పాదం బండ కింద నుజ్జయింది. నెత్తురులో తడిసిన ఆ బూటు నాకింకా గుర్తుంది. మిగిలిన వాళ్లం బతికాం. అంటే నన్ను బతికించింది లచ్చిరాం చెవి.

ఆ తర్వాత తెలంగాణ కోసం గనులన్నీ బంద్ పెట్టిన రోజులు వచ్చాయి. సమ్మె ఎంత గట్టిగా ఉన్నా గనిలో ఊట నీళ్లు ఆగవు. మోటార్లతో తోడకపోతే గని మునుగుతుంది. అందుకని మోటార్లు నడిపే కొందరికి సమ్మె పెద్దలే చీటీలు రాసిచ్చారు. ఆ వారం మోటారు మనిషికి జ్వరం వస్తే, సర్దార్ లచ్చిరాంకు చీటీ ఇప్పించాడు. నాకా సంగతి తెలియదు. అడిగి తెలుసుకునే ఓపికా లేదు. ముందురోజే గేటు దగ్గర పోలీసులు మమ్మల్ని విరగబాదారు. నా వీపంతా కమిలిపోయి ఉంది.

పొద్దుటి షిఫ్టు వేళ, దీపం కట్టుకుని లచ్చిరాం గని వైపు వస్తున్నాడు. నలుగురం అడ్డం పోయాం.

"మేము తన్నులు తింటుంటే నువ్వు డ్యూటీకి పోతవా, తండోడా!" అన్నాను.

"చీటీ... చీటీ ఉన్నది" అంటూ ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. నేను విననేలేదు. అరచేయి చాచి ఎడమ చెవి మీద బలమంతా పెట్టి కొట్టాను. పడిపోయాడు. కర్ర తీసుకుని భుజం మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. మిగతా ముగ్గురూ కాళ్లతో తన్నారు. "యాడీ, యాడీ" అని వాళ్ల భాషలో తల్లిని పిలిచాడు. చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారింది. అప్పుడు ఎవడో ఆయన పిడికిలి విప్పి చీటీ బయటికి తీశాడు.

సర్దార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనిపించింది.

"చీటీ సూసినవా?"

"లే."

"అడిగినవా?"

"లే."

"నీళ్లు ఆగయ్. ఆయన బదులు నువ్వు దిగు" అని, లచ్చిరాంను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు.

ఎనిమిది గంటలు మోకాలి లోతు నీళ్లలో ఒక్కణ్ణే ఉన్నాను. నా అరచేయి ఇంకా చిమచిమలాడుతోంది. పైకి వచ్చి నేరుగా దవాఖానకు పోయాను. మంచం పక్కన సర్దార్ ఉన్నాడు. నన్ను చూపించి, "కేసు పెట్టు లచ్చిరాం. నేను సాక్షి చెప్త" అన్నాడు. ఉద్యోగం, పిల్లలు, జైలు అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. లచ్చిరాం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కాళ్లు పట్టుకోబోతే సర్దార్ నా రెక్క పట్టి ఆపాడు.

"ఇప్పుడు మాఫీ అడిగితే నీ బరువు దిగుతది. ఆయన చెవి రాదు."

నిజంగానే రాలేదు. ఎముక అతికింది కానీ ఎడమ చెవి పోయింది. కేసు పెట్టలేదు. ఒక చెవి బాగుంది కాబట్టి కిందికి పోవచ్చని డాక్టర్లు అన్నారు. తిరిగి పనిలోకి వచ్చిన రోజు సర్దార్ జట్టునంతా నిలబెట్టి, నేను చేసింది ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు.

"మీకు కింద తిట్టొద్దని నేర్పిన. పైన గూడ మనిషి మనిషేనని నేర్పలే. గది నా తప్పు" అన్నాడు. తర్వాత లచ్చిరాం వైపు తిరిగాడు. "నీ ఎడమ దిక్కు బండ చప్పుడు ఇనెతందుకు ఒకడు కావాలె. వీణ్ణి పెడదామనుకుంటున్న. వద్దంటే వద్దు."

లచ్చిరాం దీపం బెల్టు బిగించుకున్నాడు.

"పని తెలిసినోడు. రానీ" అన్నాడు.

రాష్ట్రం వచ్చింది, సర్దార్ రిటైరై సొంతూరు పోయాడు, నేను లచ్చిరాం ఎడమ పక్కనే ఉండి పని చేస్తూ పోయాను. ఏడేళ్లు, నేను గని మాని ఊరికి వచ్చేదాకా. పని మాటలు తప్ప ఇంకో మాట ఆయన నాతో మాట్లాడలేదు. నేను "అన్నా" అనేవాణ్ణి, ఆయన తలూపేవాడు.

పెద్దవంగర దగ్గర సర్దార్ సొంతూరికి నేను చేరేసరికి పాడె లేపుతున్నారు. పాత జట్టు చాలామంది వచ్చారు. లచ్చిరాంను దూరం నుంచే చూశాను. జుట్టంతా నెరిసింది. ముందుకు పోవడానికి ముఖం చెల్లక గుంపు చివర నిలబడ్డాను. డప్పులు మొదలయ్యాయి. లచ్చిరాం జనంలో వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. నా మణికట్టు పట్టుకుని తన ఎడమ పక్కకు లాక్కున్నాడు.

"ఈ దిక్కు నడువు. నాకు ఇనపడదు" అన్నాడు.

కాటిదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.