తెర మీద నేను దాచిన మాట

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పదేళ్లుగా ఒక్క వాక్యం నా గొంతులో అడ్డంగా ఉంది. అది నాది కూడా కాదు. ఒక పాత మూకీ సినిమాలోది.

అమ్మ మోకాళ్ల నొప్పులతో విమానం ఎక్కలేక, నా పురుటికి పెద్దమ్మను కాన్‌బెర్రా పంపింది. నిజానికి నన్ను కన్నది పెద్దమ్మే. ఇల్లు గడవక, పిల్లలు లేని చెల్లెలి చేతుల్లో పెట్టిందట. మేనత్త నోరు జారడంతో చిన్నప్పుడే నాకు తెలిసింది. తెలుసని ఎవరికీ చెప్పలేదు.

పాపకు మూడో నెలలో, కాన్‌బెర్రా శివారు హారిసన్‌లో మా ఇంటి దగ్గరి హాల్లో పాత సినిమాలు వేస్తున్నారంటే పెద్దమ్మను తీసుకెళ్లాను. పావుగంట సినిమా. అంత గొప్పది మళ్లీ చూడలేదు. తిండి పెట్టలేని తల్లి ఇద్దరు కూతుళ్లనూ ఒక ధనవంతురాలి ముందు నిలబెడుతుంది. ఆ క్షణాన ఏ పిల్ల ఆవిడ వేలు పట్టుకుందో ఆ పిల్ల మేడకు వెళ్తుంది. అంతే, అదృష్టం. ఏడుపులు లేవు. తల్లి ఖాళీ అయిన చేతిని గౌనుకు తుడుచుకుంటుంది. పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. తెర మీద వచ్చే అక్షరాలను నేను గుసగుసగా చదివి చెబుతున్నా, నాకంటే ముందే ఆమెకు అన్నీ అర్థమైపోతున్నాయి. సినిమా కంటే ఆమెనే ఎక్కువ చూశాను.

చివర్లో, పెద్దదైన ఆ పిల్ల వీధిలో పూలమ్ముతున్న తల్లి ముందు అనుకోకుండా ఆగుతుంది. మనకు ఆ పిల్ల వీపే కనిపిస్తుంది. తర్వాత అక్షరాలు: 'నువ్వెవరో నాకు ఎప్పటినుంచో తెలుసమ్మా.'

"ఏం రాశాడే అమ్మాయ్?"

"అయిపోయిందని, పెద్దమ్మా."

"మరి ఆ పిల్లకి తెలీనే లేదా?"

"తెలీలేదు."

"పోన్లే. తెలిస్తే బెంగెట్టుకునేది."

ఎందుకలా అన్నాను? పెంచిన అమ్మకు అన్యాయం అవుతుందనా? అదీ ఉంది. కానీ నాకో అక్క ఉంది, ఆమెను ఇవ్వలేదు. ఆ కోపమే నా నోరు నొక్కింది. ఎవరి మీద కోపం? నా పాపను భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగిన మనిషి మీద, నన్ను కళ్లెదుటే చూస్తూ కూడా ఒక్క మాట జారకుండా అన్నేళ్లు పెద్దమ్మగానే ఉండిపోయిన మనిషి మీద. ఆ ఓర్పు ముందు నేనెంత?

ఆమె పోయి రెండేళ్లయింది. క్షమించమని అడగడానికి మనిషే లేదు. బతికుండగా ఒక్కసారీ ఆమెను అమ్మా అని పిలవలేదు. ఈ మాట రాస్తూ పైకే పిలిచాను. పక్క గదిలోంచి నా కూతురు, "హూ ఆర్ యూ టాకింగ్ టు, మమ్?" అంది.

"మా అమ్మతో," అన్నాను.