వదులు చేసి చూసిన ముడి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముడి అంటే మా నాయన వేసిందే. బత్తలపల్లె దగ్గర ఒక పల్లె మాది. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలనూ వేళ్ల మధ్యకు తీసుకుని రెప్పపాటులో కలిపేసేవాడు. తర్వాత ఆ ముడి ఎక్కడుందో వెతికినా కనిపించేది కాదు. నేను పక్కనే కూర్చుని, ఇంకొకసారి చూపించమని ఆయన ప్రాణం తీసేదాన్ని. ఎందుకు, ఎట్లా అని అడగకపోతే నాకు అన్నం అరగదని మా అవ్వ ఎగతాళి చేసేది. అవ్వ అంటే నాయన వాళ్లమ్మ. నల్లమాడ దగ్గర, ఊరంతటికీ ఒకే బావి ఉన్నచోట నీళ్లు చేది చేది పెరిగిన మనిషి.

ఒక ఎండాకాలం పక్కింటి మామ తన తోటలో బావిని లోతు చేయించాడు. వానలు మొహం చాటేసి నీళ్లు అడుక్కి పోయాయి మరి. బావి పైభాగంలో కాలు పెట్టుకోవడానికి రాళ్లు పొడుచుకుని ఉండేవి. కింద కొత్తగా తవ్వినచోట అవి లేవు. ఊట పడిందేమో చూద్దామని మామ ఆ రాళ్లు పట్టుకుని దిగి, చివరి రాయి మీద జారి అడుగున పడ్డాడు. కాలు విరిగింది. అత్త కేకలు విని మా ఇంటిల్లిపాదీ పరుగెత్తాం, చుట్టుపక్కల వాళ్లూ వచ్చారు.

బావిని లోతు చేశారు గానీ, బావిలో దిగే లావు తాడు, ఆ మోకు మాత్రం పాతదే. అది అడుగుదాకా అందలేదు. నాయన ఇంకో మోకు తెప్పించి రెంటినీ కలిపి ముడి వేశాడు. మగ్గం మీద వేసే ముడే. చేతికి అలవాటైన పని కదా, ఆలోచించే అవసరం కూడా రాలేదు. మనుషులు చెరోవైపూ పట్టుకుని లాగితే అది ఇసుమంత కూడా కదల్లేదు. నాయన మోకును నడుముకు చుట్టుకోబోతుంటే అవ్వ వచ్చి కొస పట్టుకుంది.

"నువ్వు కాదు. ముందు రాళ్లు."

నాయనకు కోపం వచ్చింది. "బావ కింద అరుస్తాండాడు. నేనేసిన ముడి ఎప్పుడన్నా ఊడినాదామ్మా?"

అవ్వ బావిలోకి తొంగిచూసింది. "ఏమప్పా, ఊపిరాడ్తాండాదా?"

"ఊపిరికేం లేదత్తా, కాలే మంట పుడ్తాండాది," అన్నాడు మామ.

"అట్లే మాట్లాడ్తా ఉండు. నీ మాట నిలిచిపోతేనే నాకు భయం."

అడుగున గాలి బాగుందని ఆమె అట్లా తెలుసుకుంది. మామ నెత్తిన పడకూడదని, బావికి దూరంగా ఉన్న వేపచెట్టు కొమ్మ మీదుగా మోకు వేయించింది. గోతాంలో రాళ్లు నింపించి మనిషంత బరువు చేసి కట్టించింది. ఎత్తమంది. నేలకు ఆనేదాకా దించమంది. మోకు వదులైతే అటూ ఇటూ ఊపి, మళ్లీ ఎత్తమంది. మళ్లీ దించమంది. ఇదేం పిచ్చి అని అందరూ విసుక్కుంటున్నారు, అత్త ఏడుస్తోంది. నేను మాత్రం ముడి మీద నుంచి చూపు తిప్పలేదు. వదులైన ప్రతిసారీ ఒక కొస కొంచెం లోపలికి జరుగుతోంది.

"అవ్వా, అది నడుస్తాండాది," అన్నాను.

ఈసారి ఎత్తారో లేదో, ముడి విడిపోయి గోతాం దబ్బున నేల మీద పడింది. నాయన ఆ గోతాం వైపే చూస్తూ నిలబడిపోయాడు. దాని బదులు ఆయన ఉండేవాడని తోచి, పోయి ఆయన పంచె పట్టుకున్నాను.

అవ్వ మోకుల కొసలు రెండూ చేతిలోకి తీసుకుంది. ఈ మోకు కొసను ఆ మోకు చుట్టూ, ఆ మోకు కొసను ఈ మోకు చుట్టూ తిప్పి రెండు ముళ్లు వేసింది. లాగితే అవి రెండూ దగ్గరికి జరిగి ఒకదాన్నొకటి ఒత్తుకున్నాయి. కొసలను జానెడేసి మిగిల్చింది. దాన్నీ రాళ్ల గోతాంతో అట్లాగే ఎత్తించి దించి చూసింది. తర్వాత మోకు రెండో కొసను బావి పక్కన పాతిన రాతికూసానికి చుట్టించింది. బావి ఒర అంచున రాయికి ఒరుసుకోకుండా గోనెపట్ట పరిపించింది. అప్పుడుగానీ కొడుకును దిగనివ్వలేదు. నాయన మామ చంకల కిందా తొడలకూ మోకు చుట్టి ముందు ఆయన్ను పంపి, తర్వాత తాను వచ్చాడు.

ఇంటికి నడుస్తూ నా పని నేను మొదలుపెట్టాను. పట్టుపోగును పట్టి ఉంచే ముడి మోకును ఎందుకు పట్టలేదు?

"మగ్గం మీద పోగు పొద్దంతా బిగువుగానే ఉంటాది," అంది అవ్వ. "బావిలో అట్ల కాదు. మనిషి రాయి మీద కాలు పెడ్తే మోకు వదులైతాది, తీస్తే బిగుస్తాది. ఆ ముడికి బిగువొకటే తెలుసు."

"నీకెట్ల తెలిసినాది?"

"బిందె నీళ్లకు తగిల్నప్పుడల్లా చాంతాడు వదులైతాది గదా. బావిలో పోయిన బిందెలు చెప్పినాయిలే."

ముందు నడుస్తున్న నాయన నవ్వాడు. ఆ పొద్దు ఆయన నవ్వడం అదే మొదలు. మగ్గం మీద ఆయన పాత ముడి మానలేదు గానీ, మోకు పట్టుకుంటే మాత్రం ముందు వాళ్లమ్మను పిలిచేవాడు.

మొన్న అనంతపురంలో మేముండే అపార్టుమెంటుకు కొందరు కుర్రాళ్లు వచ్చారు. మంటలు లేస్తే పై అంతస్తు నుంచి తాడు మీద ఎట్లా దిగాలో చూపించారు. నడుముకు బెల్టు, తొడలకు పట్టీలు, తాడును మెల్లగా వదిలే ఇనుప పరికరం, అన్నీ కొత్తవే. అందులో ఒకడు గోడ దాటకముందు తాడు మీద బరువేసి చూశాడు. వదులు చేసి విదిలించాడు. మళ్లీ బరువేశాడు. చూసేవాళ్లు ఇంకెంతసేపు అని గొణుగుతుంటే, తెలిసి కూడా నేను అడిగాను, రెండోసారి ఎందుకప్పా అని.

"లాగినప్పుడు అన్నీ బాగానే ఉంటాయవ్వా," అన్నాడు. "వదిల్తేనే తెలుస్తాది."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గుడ్డలారేసే దండెం కానీ, మనవరాలి ఉయ్యాల కానీ, నేను ఒకసారి వదులు చేసి చూడందే నమ్మను. ఇంట్లో వాళ్లకు అది చాదస్తం. ఆ పొద్దు దబ్బుమని పడింది రాళ్లు కాబట్టే, నా పెళ్లిచీరను మా నాయన తన చేతులతో నేశాడు.