మూసేసిన కంప్లైంటు

ఆరేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. జాలి మాత్రం పడకండి, నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

నేను అమీర్‌పేటలో ఇంటర్నెట్ లైన్లు బాగుచేసేవాణ్ణి. పంజాగుట్టలో శైలజ, ఆమె తమ్ముడు మహేశ్ ఉండేవారు. శైలజకు చెవులు వినబడవు, సైగలతో మాట్లాడుతుంది. వినబడని పిల్లల బడిలో టీచరు ఉద్యోగానికి మర్నాడే ఆమెకు వీడియో ఇంటర్వ్యూ. బొమ్మ ఆగి ఆగి వస్తోందని కంప్లైంటు పెట్టారు.

వెళ్లి చూడగానే అర్థమైంది. వీడియో చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. వాటిని ప్యాకెట్లంటాం. ఉండుండి కొన్ని దారిలోనే పోతున్నాయి. స్పీడ్ ఎంతున్నా పోయిన ముక్క పోయినట్టే, బొమ్మ నిలిచిపోతుంది. కారణం వానలో హడావిడిగా నేనే వేసిన కేబుల్ జాయింటు. స్తంభం ఎక్కి మళ్లీ అతకాలి. బద్ధకమా? సాయంత్రంలోగా మిగతా కంప్లైంట్లు మూయకపోతే సూపర్‌వైజర్ తిడతాడన్న భయమా? ఏదైతేనేం, ఎక్కలేదు.

మాకో అలవాటుంది. స్పీడ్ టెస్ట్ పెట్టి అంకెలు చూపిస్తాం. కస్టమర్ ఫోన్‌కొచ్చిన ఓటీపీ తీసుకుంటే కంప్లైంటు మూసుకుపోతుంది.

"అన్నా, గొంతు మంచిగనే వస్తుంది, బొమ్మనే ఆగుతుంది. మా అక్క చేతులతోనే మాట్లాడ్తది. జర చూడు," అన్నాడు మహేశ్.

"స్పీడ్ మస్తుంది భాయ్. మీ ఫోన్లనే ఏదో ఉంది," అన్నాను. సిగ్గులేని నోరు.

శైలజ నా పెదవుల వంక చూసింది. నవ్వుతూ, ఓటీపీ ఉన్న తన ఫోన్‌ను నా వైపు తిప్పింది. ఆ అంకెలు నా ఫోన్‌లో కొట్టి వచ్చేశాను.

ఉద్యోగం రాలేదు. ఆమె చేతులు తడబడుతున్నాయన్నారట ఇంటర్వ్యూ చేసినవాళ్లు. పుట్టినప్పటి నుంచీ చేతులతో మాట్లాడే మనిషి! మహేశ్ ఫోన్‌లో ఆ మాట చెప్పిన రోజే, వాళ్లకు తెలియకుండా వెళ్లి స్తంభం ఎక్కాను. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలు ఇంటర్వ్యూ ముందురోజు ఎక్కడికి పోయాయి?

వారం తర్వాత మహేశే మళ్లీ ఫోన్ చేశాడు.

"నువ్వు చెప్పింది నిజమే అన్నా. కొత్త ఫోన్ కొన్నం, ఇప్పుడు మస్తొస్తుంది."

"మంచిది భాయ్," అన్నాను. అంతే అన్నాను.

అసలు తప్పు అక్కడ చేశాను. పాత ఫోన్‌కు ఏమీ కాలేదు శైలజా. నీ చేతులూ తడబడలేదు. ఆ జాయింటు నాది. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. అయినా, నోటి నుంచి బయటికైతే వచ్చింది.